తల ఊపని ఎర్రోడు

మెనిల్లోస్ గారిని ఏదైనా అడిగితే జవాబు రెండు రకాలుగా వస్తుందని ఆయన దగ్గర చదువుకునే కుర్రాళ్ళందరికీ తెలుసు. చిన్న ప్రశ్నయితే ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. వైన్‌లో నీళ్ళెందుకు కలుపుతాం గురువుగారూ అంటే, "తాగాక కూడా మాట్లాడుకోవాలి కాబట్టి" అంటాడు. కుస్తీ బట్టల్లేకుండా ఎందుకు పడతాం అంటే, "ఎవడికీ పట్టుకోడానికి ఏం దొరక్కూడదని" అంటాడు. అంతే, అయిపోయింది. అలా కాకుండా గడ్డం గోక్కుని, "మా కొండ మీద..." అని మొదలెట్టాడా, ఇక ఎండ స్తంభం ఈ పక్క నుంచి ఆ పక్కకి తిరిగేదాకా ఎవడూ లేవడానికి లేదు.

ఏథెన్స్‌లో ఆయన బడి అంటే పెద్ద బిల్డప్పేం ఉండదు. చెప్పులు కుట్టేవాడి కొట్టు పక్కన నాలుగు రాతి స్తంభాలు, వాటి నీడ. ఆయన ఆర్కేడియా కొండల్లోంచి ఈ ఊరొచ్చి నలభై ఏళ్ళయింది. ఈ ఊరి నీళ్ళు తాగాడు, ఈ ఊరి యాస పట్టాడు, ఈ ఊరి పిల్లలకే చదువు చెప్పాడు. అయినా "మా కొండ" అనగానే గొంతు మారిపోతుంది. అప్పుడు పక్క కొట్టులో సుత్తి చప్పుడు కూడా ఆగిపోతుంది. చెప్పులాయన కూడా వింటాడన్నమాట.

ఆ రోజు ఊళ్ళో పండగ. బలి అయ్యాక మాంసం తిని, పెదాలకి ఇంకా కొవ్వు మెరుస్తుండగా వచ్చాడు డెక్సియాస్. కుండలు కాల్చే బట్టీల యజమాని కొడుకు, పంతొమ్మిదేళ్ళు, నోరు మాత్రం నలభై ఏళ్ళది. వచ్చీ రాగానే కూర్చోకుండానే మొదలెట్టాడు.

"గురువుగారూ, ఇవాళ ముందు వరసలో నిలబడి చూశా. ఎద్దుని తీసుకొచ్చి, నీకిష్టమేనా అని అడిగి, తల మీద చల్లటి నీళ్ళు చల్లారు. అది తల విదిలించింది. ఇంకేముంది, ఒప్పుకుంది ఒప్పుకుంది అని జనమంతా ఒకటే గోల. నీళ్ళు చల్లితే ఎవడైనా విదిలిస్తాడు. నా మీద చల్లండి, నేనూ విదిలిస్తా. అప్పుడు నేను ఒప్పుకున్నట్టా?"

"నిన్ను తినేదెవడ్రా" అన్నాడు వెనక నుంచి ఒకడు. అందరూ నవ్వారు.

డెక్సియాస్ నవ్వలేదు. "అది కాదు. కత్తిని బుట్టలో బార్లీ గింజల కింద దాచి తెస్తారు, పాపం అది చూస్తే భయపడుతుందని. ఒక చేత్తో కత్తి దాస్తారు, ఇంకో చేత్తో నీళ్ళు చల్లి ఇష్టమేనా అంటారు. ఎలాగూ చంపేదే కదా. మరి అడగడం దేనికి? ఇదంతా నాటకం కాదా?"

మెనిల్లోస్ వాడి మొహం కేసి చూశాడు. తర్వాత రోడ్డు కేసి చూశాడు. గడ్డం గోక్కున్నాడు. డెక్సియాస్ గబుక్కున కూర్చున్నాడు. పక్క కొట్టులో సుత్తి ఆగింది.

"మా కొండ మీద..." అన్నాడాయన.

ఆ కొండ మీద కెరినా అని ఒక ఊరు. నలభై పొయ్యిలు వెలిగితే ఎక్కువ. తెల్లారి లేస్తే పక్కింటి కప్పు కనపడనంత మంచు, మధ్యాహ్నానికి కళ్ళు బైర్లు కమ్మే ఎండ. బార్లీ రొట్టె, మేక జున్ను, చలికాలంలో కాల్చిన సింధూర చెట్టు కాయలు, ఇంతే తిండి. మాంసం ఏడాదికోసారి, వాళ్ళ పెద్ద దేవుడు జ్యూస్ పండక్కి. ఆ రోజు పొగ వాసన కొండ కింద ఊళ్ళకి కూడా తెలిసేదట. పిల్లంగోవి వాయించేవాడు ఒక్కడే ఉండేవాడు, వాడికొచ్చింది రెండే పాటలు, పెళ్ళికొకటి, చావుకొకటి. పండక్కి ఏం వాయించాలో తెలీక ఒకదాని తర్వాత ఒకటి రెండూ వాయించేవాడు. ఏథెన్స్‌లో ఎంత గొప్పోళ్ళు వాయించినా మెనిల్లోస్‌కి మాత్రం ఆ రెండు పాటలే చెవిలో ఉన్నాయి.

పండక్కి బలి జంతువుని ఊళ్ళో కాస్త కలిగిన ఏడెనిమిది ఇళ్ళు వంతులేసుకుని ఇవ్వాలి. మామూలుగా ఎవరైనా మేకో పందో ఇస్తారు. ఆ ఏడు వంతు గోర్గోస్ వాళ్ళ ఇంటిది. ఊరి పెద్దలంతా కూర్చున్న చోట గోర్గోస్ లేచి నిలబడి, మెడ కాస్త పైకెత్తి, "మా ఇంటి తరఫున ఎద్దునిస్తున్నాం" అన్నాడు.

ఎద్దు. ఆ మాట విన్నాక ఎవరికీ ఇంకో ఆలోచన రాలేదు. ఆ ఊరు ఎద్దు మాంసం రుచి చూసి పదేళ్ళు దాటింది. ఎవరి ఎద్దు, ఎందుకిస్తున్నాడు అని ఒక్కడూ నోరు తెరవలేదు. ఎద్దు పుండు కాకికి నొప్పా ఏంటి.

ఆ ఎద్దు గోర్గోస్‌ది కాదు. చనిపోయిన తన తమ్ముడిది. తమ్ముడు ముందటి చలికాలం కట్టెల మోపుతో మంచులో జారి లోయలో పడ్డాడు. వెనక మిగిలింది ముగ్గురే. పెళ్ళాం తిమారెతా, ఆమె చంకలో పళ్ళు కూడా రాని కొడుకు మెనిల్లోస్, ఆ ఎద్దు. వాళ్ళ భాషలో దాని పేరేదో ఉంది గానీ మన నోటికి ఎర్రోడు అనుకుంటే సరిపోతుంది. ఒంటి రంగు కూడా అదే. దాని జత ఎద్దు ఎప్పుడో పోయింది. తిమారెతా పక్కింటివాళ్ళ గాడిదని అడిగి తెచ్చి, ఎర్రోడి పక్కన కాడికి కట్టి, బిడ్డని వీపుకి కట్టుకుని, ఆ ఏటవాలు పొలం ఒక్కతే దున్నింది. ఎద్దూ గాడిదా జతగా నడుస్తుంటే దుక్కి చాలు వంకర పోయేది. ఊరు నవ్వింది. నవ్వినా బార్లీ మొలిచింది.

అక్కడి కట్టుబాటు ఏంటంటే, మొగుడు పోయినదానికి ఇంటి మగాడే దిక్కు. ఆమె పొలం దున్నగలిగినంత కాలం పొలం ఆమె కొడుకు పేరు మీద నిలుస్తుంది. దున్నలేకపోతే బావగారు తీసుకుంటాడు, ఆమె పుట్టింటికి పోవాలి, బిడ్డ మాత్రం వంశం వాడు కాబట్టి బావగారింట్లోనే ఉండాలి. ఎర్రోడు ఉన్నాడంటే పొలం ఉన్నట్టు, పొలం ఉందంటే బిడ్డ ఉన్నట్టు. ఈ లెక్క గోర్గోస్‌కి బాగా తెలుసు.

తిమారెతాకి సంగతి గాడిద ఇంటావిడ చెప్పింది, తిరగలి దగ్గర. తిమారెతా పిండి చేతులతోనే బావగారింటికి పోయింది.

"బావగారూ, ఎద్దు సంగతి నన్నొక్క మాట అడగాల్సింది."

"అడగడానికేముందమ్మా, దేవుడి పని. నీకేమైనా ఇష్టం లేదా? లేకపోయినా పైకి అనకు, కళ్ళు పోతాయి."

"ఎర్రోడు పోతే పొలం ఎలా దున్నేది?"

"నేను లేనా? నేను చూసుకుంటా. నువ్వు మీ నాన్న దగ్గరికి పోయి హాయిగా కూర్చో. ఎన్నాళ్ళని కష్టపడతావ్."

"మరి వీడు?" చంకలో బిడ్డని చూపించింది.

"వాడు మా వాడే కదా" అన్నాడు గోర్గోస్, ఎంతో ప్రేమగా.

ఏం అన్నా వినే చోటు అది కాదని తిమారెతాకి అర్థమైంది. ఇంటికొచ్చి ఎర్రోడి ముందు గడ్డి వేసి, అది నమిలినంతసేపూ దాని పక్కనే కూర్చుంది.

పండగ రోజు ఊరంతా కొండ కొసకి ఎక్కింది. అక్కడొక రాతి బలిపీఠం, దాని మీద అప్పుడే అంటుకుంటున్న మంట. బంగారు రేకు చుట్టే స్తోమత ఎక్కడుంది గనక, ఎర్రోడి కొమ్ములకి ఉన్ని దారాలు కట్టారు. ఒక అమ్మాయి తల మీద బుట్ట, బుట్టలో బార్లీ, బార్లీ కింద కత్తి. పిల్లంగోవి వాడు పెళ్ళి పాట ఎత్తుకున్నాడు. ఆడవాళ్ళు ఒక పక్క నిలబడ్డారు. ముందు గొడ్డలితో మోది, తర్వాత కత్తి పెడతారు. గొడ్డలి దిగే క్షణాన వాళ్ళంతా ఒక్కసారి గొంతెత్తి కేక పెట్టాలి, అది ఆడవాళ్ళ వంతు. తిమారెతా కూడా అక్కడే ఉంది. ఆ కేక తన నోట ఎలా వస్తుందో ఆమెకే తెలీదు.

పూజారి ఫైదిమోస్ ముసలాయన. కోపం లేదు, తాపం లేదు, వరస మాత్రం తప్పడు. ముందు చేతులు కడగడం, తర్వాత గింజలు జల్లడం, తర్వాత అడగడం. అరవై ఏళ్ళుగా ఒక్క మాట కూడా ఎగరగొట్టిన పాపాన పోలేదు. ఆయన ముంతలో వేళ్ళు ముంచి, ఎర్రోడి నుదుటి మీద నీళ్ళు చల్లి, పాత మాటలు పలికాడు.

"మా పొయ్యిల మేలు కోసం, మా పొలాల మేలు కోసం అడుగుతున్నాం. ఇష్టమేనా?"

ఎర్రోడు కళ్ళు మూసుకున్నాడు. తల ఇంత కూడా కదల్లేదు.

ఎందుకు కదుపుతాడు. దుక్కి రోజుల్లో మిట్టమధ్యాహ్నం నాలుగు చాళ్ళకోసారి తిమారెతా ఆగి, దాని నెత్తిన ముంతెడు నీళ్ళు పోసేది. నీళ్ళు పడ్డాయంటే కాడి దిగబోతుందని, కాసేపు నిలబడొచ్చని దానికి తెలుసు. వేరే ఎద్దులు ఉలిక్కిపడే చోట వీడికి నిద్రొస్తుంది.

ఫైదిమోస్ రెండోసారి అడిగాడు. ఈసారి ముంత మొత్తం వంపేశాడు. ఎర్రోడు నాలికతో ముక్కు తుడుచుకుని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

"ఇంకో ముంత తెస్తే స్నానం అయిపోతుంది" అన్నాడెవడో.

నవ్వులు లేచాయి గానీ ఆకలి నవ్వులవి, ఎక్కువసేపు నిలవలేదు. గోర్గోస్ ముందుకొచ్చాడు. "గింజలు పెట్టండి. తినడానికి తల వంచితే వంచినట్టే లెక్క. కింద ఊళ్ళలో అదే చేస్తారు." ఫైదిమోస్ ఆలోచించాడు. అది కూడా వరసలో ఉన్నదే. ఎర్రోడి కాళ్ళ ముందు రాయి మీద దోసెడు బార్లీ పోసి, మూడోసారి అవే మాటలతో అడిగాడు.

ఎర్రోడు గింజలు చూశాడు. ముక్కుపుటాలు అదిరాయి. తల వంచలేదు. కళ్ళంలో నూర్చేటప్పుడు మూతికి కట్టే చిక్కం రెండేళ్ళ కిందటే చిరిగిపోతే, కొత్తది అల్లే తీరిక లేక, తను చెప్పేదాకా గింజ ముట్టకూడదని తిమారెతా వాడికి నేర్పింది. అందుకని వాడు మెడ తిప్పి, ఆడవాళ్ళ గుంపులో ఆమె కోసం వెతకడం మొదలెట్టాడు. కనపడ్డాక అలా చూస్తూ నిలబడిపోయాడు. చెప్పు మరి, అన్నట్టు.

ఊరంతా వాడి చూపు ఎటు పోయిందో అటు తిరిగింది.

"అదిగో, ఆవిడ చెప్తే తింటుంది" అన్నాడు గోర్గోస్. "రా అమ్మా. ఒక్క మాట చెప్పు, అందరం తిని ఇళ్ళకి పోదాం."

జనం దారిచ్చారు. తిమారెతా బిడ్డని గాడిద ఇంటావిడ చేతికిచ్చి నడిచింది. దారికి రెండు పక్కలా తెలిసిన మొహాలే. తన పెళ్ళికి రొట్టెలు చేసినవాళ్ళు, మొగుణ్ణి లోయలోంచి మోసుకొచ్చినవాళ్ళు. చెడ్డవాళ్ళేం కాదు, ఏడాదంతా మాంసం మొహం చూడనివాళ్ళు. పిల్లలు మంట చుట్టూ చేరి చేతులు కాచుకుంటున్నారు. ఆమె వచ్చి ఎర్రోడి మెడ మీద చెయ్యి వేసింది. వాడు మూతి ఆమె భుజానికి ఆనించాడు.

"ఎద్దుని మూడుసార్లు అడిగారు" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. "నన్ను ఒక్కసారి కూడా అడగలేదు."

గోర్గోస్ ఫక్కున నవ్వాడు. "ఆడదాన్ని అడగడం ఏ పూజలో ఉంది? పెద్దాయనా, నువ్వే చెప్పు."

ఫైదిమోస్ నిజంగానే వెతుక్కున్నాడు. అరవై ఏళ్ళ పూజలు మొదట్నుంచి చివరిదాకా మనసులో తిప్పి చూశాడు. ఎక్కడా లేదు. కానీ ఇంకోటి దొరికింది. "ఇచ్చేవాడు మనసారా ఇవ్వాలని ఉంది గోర్గోస్. ఈ ఎద్దుకి మేత వేసిందెవరు?"

గోర్గోస్ చూపు మంట మీదకి తిప్పుకున్నాడు. ఊరికీ జవాబు తెలుసు. ఆ గాడిద జత చూసి నవ్వనివాళ్ళు అక్కడెవరూ లేరు మరి.

"అయితే ఇచ్చేది ఆవిడ" అన్నాడు ముసలాయన. "ఆవిడ్నే అడగాలి."

అడగాలి సరే, ఎలా అడగాలి? ఆయనకి తెలిసిన పద్ధతి ఒకటే. మళ్ళీ ముంత నింపించి, వేళ్ళు ముంచి, తిమారెతా నెత్తిన నీళ్ళు చల్లాడు. తర్వాత ఒక్క అక్షరం మార్చకుండా అవే మాటలు పలికాడు. "మా పొయ్యిల మేలు కోసం, మా పొలాల మేలు కోసం అడుగుతున్నాం. ఇష్టమేనా?"

ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆపుకున్నారు. ఎందుకంటే అప్పటికే అందరి కళ్ళూ ఆమె తల మీద ఉన్నాయి.

కొండ ఊట నీళ్ళవి, మంచు కరిగి వచ్చేవి. జుట్టులోంచి జారి చెవి వెనక్కి, అక్కణ్ణుంచి మెడలోకి దిగుతుంటే ఒళ్ళంతా జివ్వుమంది. తల విదిలించాలని ప్రాణం కొట్టుకుంది. ఒక్కసారి విదిలిస్తే చాలు, ఊరంతా ఒప్పుకుంది అంటుంది, గొడ్డలి లేస్తుంది. గోర్గోస్ కూడా అదే చూస్తున్నాడు, కళ్ళార్పకుండా. తిమారెతా మెడ బిగబట్టింది. ఒక చుక్క నుదుటి మీంచి మెల్లగా దిగి కనుబొమ మీద ఆగింది. గాలికి అది వణుకుతోంది, చక్కిలిగిలి పెడుతోంది. తుడుచుకుందామంటే చెయ్యి ఎత్తితే తల కదులుతుందేమోనని భయం. పిల్లంగోవి వాడు పెళ్ళి పాట అయిపోగొట్టి, ఏం చెయ్యాలో తోచక, చావు పాట మొదలెట్టి అదీ అయిపోగొట్టాడు. ఆ పాటే ముందటి చలికాలం ఆమె గుమ్మం ముందు వాయించాడు. అది వింటూ కూడా ఆమె అలానే నిలబడింది. చుక్క రెప్ప మీదకి దిగి, చెంప మీదుగా జారి, ఎర్రోడి మెడ మీద పడింది.

ఫైదిమోస్ ముంత కింద పెట్టాడు. "అడిగాను. ఇష్టం లేదంది."

"ఎక్కడంది? నోరే విప్పలేదు" అన్నాడు గోర్గోస్.

"ఎద్దు మాత్రం ఎప్పుడు విప్పింది? అరవై ఏళ్ళుగా మనం చూస్తున్నది తలే."

ఆ ఏడు మంటలో పడింది ఎద్దు కాదు. ఎవరో బార్లీ పిండి తడిపి, ముద్దకి నాలుగు కాళ్ళూ రెండు కొమ్ములూ తీసి, ఇదీ ఎద్దే అని దేవుడికి చూపించి వేశారు. మిగతా పిండి రొట్టెలు కాల్చుకుని, జున్నుతో తిని, చీకటి పడకముందే దిగిపోయారు. సంతోషంగా దిగారా అంటే, లేదు. చాలామంది తిమారెతాతో కోతల దాకా మాట్లాడలేదు. వానలు బాగా పడ్డాయా అంటే, అదీ లేదు, అంతకు ముందు ఏడెలా ఉన్నాయో అలానే ఉన్నాయి. ఎర్రోడు ఇంకో అయిదేళ్ళు దున్ని, ఒక మధ్యాహ్నం చాలు చివర నిలబడి నిలబడి పడుకున్నాడు, మళ్ళీ లేవలేదు. అప్పటికి మెనిల్లోస్ కాడి పక్కన నడిచే వయసు వాడయ్యాడు. ఆ తర్వాత తల్లీ కొడుకూ అరువు గాడిదతోనే దున్నుకున్నారు, పొలం పోలేదు. ఇక గోర్గోస్ వంతు మళ్ళీ వచ్చినప్పుడు బక్క పంది ఒకటి తోలుకొచ్చాడు. అది నీళ్ళు పడకముందే తల ఊపేసింది.

చలికాలాల్లో మంచు తలుపుల దాకా పేరుకున్నప్పుడు, పొయ్యి చుట్టూ చేరి ఊళ్ళో వాళ్ళు ఈ కథే చెప్పుకునేవాళ్ళు. అప్పటికి కోపాలు పోయాయి, ఎవరికి వాళ్ళే ఆవిడ పక్కన నిలబడ్డామనేవాళ్ళు. మొదట నవ్వబోయింది ఎవరన్న దాని మీద మాత్రం ఏటా గొడవే. తిమారెతా తను ఎప్పుడూ చెప్పేది కాదు. ఎవరైనా చెబుతుంటే దీపం వత్తి సరిచేస్తూ వినేది. కనుబొమ మీద చుక్క దగ్గరికి కథ వచ్చేసరికి మాత్రం ఆమె చెయ్యి దానంతటదే పైకి పోయి, కనుబొమ తుడిచేది. ఆ ఇల్లూ లేదు, ఆ పొయ్యీ లేదు, ఆమే లేదు. ఆ రోజు తిన్న రొట్టె రుచి ఇంకా నోట్లో ఉందంటాడు మెనిల్లోస్. అప్పటికి పళ్ళే రాలేదు కదా గురువుగారూ అని ఎవడైనా అంటే, "అయినా ఉంది" అంటాడు.

ఆయన చెప్పడం ఆపేసరికి ఎండ స్తంభం దాటి అవతలి మెట్టు మీద పడింది. పక్క కొట్టులో సుత్తి ఇంకా మొదలవ్వలేదు. డెక్సియాస్ పెదాల మీద కొవ్వు ఎండిపోయింది. వాడు దాన్ని మోచేత్తో తుడుచుకుని, కాస్త తగ్గించిన గొంతుతో అడిగాడు.

"కానీ గురువుగారూ, మీరు చెప్పిందాన్ని బట్టి చూసినా అది నాటకమే కదా."

మెనిల్లోస్ మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచాడు.

"నాటకమే నాయనా" అన్నాడు. "ఆ రోజు దాకా మా అమ్మని నాటకానికైనా అడిగినవాడు లేడు."